కప్పు మీద పేర్లు: కెనడా జూనియర్ హాకీ ప్లేఆఫ్ అవార్డుల వెనక కథ

ఈసారి మన టీవీల్లో అంతగా కనిపించని ఆట గురించి మాట్లాడుకుందాం. ఐస్ హాకీ. అందులోనూ కెనడాలో 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళు ఆడే జూనియర్ హాకీ.

ముందు ఒక చిన్న విషయం చెప్తాను. కెనడాలో పెద్ద జూనియర్ లీగులు మూడు ఉన్నాయి. ఒంటారియో లీగ్, వెస్టర్న్ లీగ్, క్యూబెక్ లీగ్. ప్రతి లీగులో ఏడాది మొత్తానికి ఉత్తమ ఆటగాడు ఎవరో చూసి ఒక అవార్డు ఇస్తారు. ఒంటారియోలో దాని పేరు రెడ్ టిల్సన్ ట్రోఫీ. క్యూబెక్‌లో మిషెల్ బ్రియేర్ ట్రోఫీ. వెస్టర్న్‌లో ఫోర్ బ్రాంకోస్ ట్రోఫీ. టిల్సన్ 1944లో రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. బ్రియేర్ 1970లో కారు ప్రమాదానికి గురై, దాదాపు ఏడాది ఆసుపత్రిలో ఉండి 1971లో చనిపోయాడు. ఫోర్ బ్రాంకోస్ అంటే 1986లో బస్సు ప్రమాదంలో పోయిన నలుగురు. మొత్తం ఆరుగురు కుర్రాళ్ళు. వీళ్ళలో ఒక్కరు కూడా 22వ పుట్టినరోజు చూడలేదు.

మనకీ రంజీ ట్రోఫీ ఉంది, దులీప్ ట్రోఫీ ఉంది. అవి పేరున్న పెద్ద ఆటగాళ్ళ పేర్లు. ఇక్కడ మాత్రం ఇంకా పెద్దవాళ్ళు కాకముందే పోయినవాళ్ళ పేర్లు పెట్టారు. ఎందుకిలా? అది అర్థం కావాలంటే ముందు ఈ పోటీ ఎలా నడుస్తుందో తెలియాలి.

మూడు లీగుల్లో కలిపి 60 పైచిలుకు జట్లు ఉన్నాయి. ఎక్కువ భాగం కెనడావి, కొన్ని అమెరికావి. కుర్రాళ్ళు చాలామంది ఇల్లు వదిలి వేరే ఊరికి వెళ్ళి ఆడతారు. అక్కడ ఎవరో ఒక కుటుంబం వాళ్ళని తమ ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతుంది. మ్యాచ్‌లకి ప్రయాణమంతా బస్సుల్లోనే. చలికాలం, మంచు, వందల కిలోమీటర్ల రోడ్డు. ఈ బస్సు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మార్చి చివర్లో ప్లేఆఫ్స్ మొదలవుతాయి. మన ఐపీఎల్‌లో లాగా ఒక్క మ్యాచ్‌తో తేలిపోదు. ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల సిరీస్, అందులో ముందు నాలుగు గెలిచిన జట్టు తర్వాతి రౌండ్‌కి వెళ్తుంది. అలాంటి రౌండ్లు నాలుగు. అంటే లీగ్ కప్పు కొట్టాలంటే 16 మ్యాచ్‌లు గెలవాలి. ఒంటారియోలో ఆ కప్పు పేరు జె. రాస్ రాబర్ట్‌సన్ కప్. వెస్టర్న్‌లో ఎడ్ షినోవెత్ కప్.

అక్కడితో అయిపోయిందా? లేదు. మూడు లీగుల విజేతలు, వాళ్ళతో పాటు ఆతిథ్యం ఇచ్చే ఊరి జట్టు, ఈ నాలుగూ కలిసి మెమోరియల్ కప్ ఆడతాయి. ఒక్కో జట్టు మిగతా మూడింటితో ఒకసారి తలపడుతుంది. మొదటి స్థానంలో ఉన్నది నేరుగా ఫైనల్‌కి వెళ్తుంది. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవి సెమీఫైనల్ ఆడతాయి.

మెమోరియల్ కప్ అన్న పేరులోనే జ్ఞాపకం ఉంది కదా. అది ఎవరి జ్ఞాపకం?

మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా 60 వేలమందికి పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. అప్పటికి ఆ దేశ జనాభా సుమారు 80 లక్షలే. పోయినవాళ్ళలో హాకీ ఆడిన కుర్రాళ్ళు చాలామంది. కింగ్‌స్టన్ ఊరికి చెందిన కెప్టెన్ జేమ్స్ సదర్లాండ్ అనే ఆయన ఉండేవాడు. హాకీ కోచ్, నిర్వాహకుడు, తనూ యుద్ధానికి వెళ్ళినవాడే. ఆయన దగ్గర ఆట నేర్చుకున్న స్కాటీ డేవిడ్‌సన్ 1914లో టొరంటో జట్టుకి కెప్టెన్‌గా స్టాన్లీ కప్ గెలిచాడు. మరుసటి ఏడాది, 1915లో, ఫ్రాన్స్‌లో యుద్ధభూమిలో చనిపోయాడు. అలా పోయినవాళ్ళ పేరు మీద జూనియర్లకి ఒక కప్పు ఉండాలని సదర్లాండ్ ప్రతిపాదించాడు. 1919లో ఒంటారియో హాకీ సంఘం ఆ కప్పు ఇచ్చింది. మొదటి విజేత ఎవరో తెలుసా? యూనివర్సిటీ ఆఫ్ టొరంటో స్కూల్స్ అనే బడి జట్టు. ఫైనల్లో వాళ్ళ చేతిలో ఓడిన రెజైనా ప్యాట్స్ పేరు కూడా ఒక సైనిక దళం నుంచి వచ్చిందే. 2010లో ఈ కప్పుని కెనడా కోసం ప్రాణాలిచ్చిన సైనికులందరికీ అంకితం చేశారు.

మొదట్లో తూర్పు విజేతకీ పడమటి విజేతకీ మధ్య పోటీ ఉండేది. 1972లో మూడు లీగుల టోర్నమెంట్ అయింది. 1983 నుంచి ఆతిథ్య జట్టుకి కూడా చోటు ఇచ్చారు. ఆ మొదటి ఏడాదే తమాషా జరిగింది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ జట్టు తన లీగ్ ఫైనల్లో ఓడిపోయింది. అయినా ఆతిథ్య జట్టుగా వచ్చి మెమోరియల్ కప్ గెలిచేసింది. ఒక అమెరికా జట్టు ఈ కప్పు గెలవడం అదే మొదలు.

ఇలాంటిదే 2022లో మరొకటి. సెయింట్ జాన్ జట్టు తన లీగ్ ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్లోనే ఇంటికి పోయింది. కోచ్‌ని తీసేసి కొత్తాయన్ని తెచ్చుకున్నారు. ఆతిథ్య జట్టుగా మెమోరియల్ కప్‌లోకి వచ్చి కప్పు ఎత్తారు. ఇది న్యాయమా అని మీరు అడగొచ్చు. అక్కడా ఆ వాదన ఉంది. కానీ ఆతిథ్యం ఇచ్చే ఊరి జట్టే లేకపోతే స్టేడియం నిండదు. అందుకే ఆ పద్ధతి కొనసాగుతోంది.

సరే, ఇప్పుడు ప్లేఆఫ్ అవార్డులకి వద్దాం. ఏడాది మొత్తానికి ఇచ్చే అవార్డు వేరు, ప్లేఆఫ్స్‌కి ఇచ్చేది వేరు. ఒంటారియోలో ప్లేఆఫ్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది వేన్ గ్రెట్స్కీ 99 అవార్డు. గ్రెట్స్కీ రిటైరైన 1999లోనే ఇది మొదలైంది. 99 అనేది ఆయన చొక్కా నంబరు. ఆ నంబరు ఆయన వేసుకోవడం మొదలుపెట్టింది 1977–78లో, ఇదే లీగులో, సూ సెయింట్ మేరీ జట్టులో. ఆయనకి కావాల్సింది 9. అది అప్పటికే వేరే అతని దగ్గర ఉంది. క్యూబెక్‌లో ప్లేఆఫ్ అవార్డు గీ లఫ్లూర్ ట్రోఫీ. లఫ్లూర్ 1970–71 సీజన్లో 130 గోల్స్ కొట్టి, అదే ఏడాది క్యూబెక్ జట్టుతో మెమోరియల్ కప్ గెలిచాడు. వెస్టర్న్ లీగులో 1992 నుంచి ఇలాంటి అవార్డే ఇస్తున్నారు.

మెమోరియల్ కప్ టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడికి వచ్చేది స్టాఫర్డ్ స్మైత్ ట్రోఫీ. 1972లో మొదటిసారి దాన్ని కార్న్‌వాల్ జట్టు గోల్ కీపర్ రిషార్ బ్రోడర్‌కి ఇచ్చారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే పెద్దల లీగులో, ప్లేఆఫ్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది కాన్ స్మైత్ ట్రోఫీ. కాన్ తండ్రి, స్టాఫర్డ్ కొడుకు. ఇద్దరూ టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుని నడిపినవాళ్ళే. బ్రాడ్ రిచర్డ్స్ అనే ఆటగాడు 2000లో కొడుకు పేరున్న ట్రోఫీ, 2004లో తండ్రి పేరున్న ట్రోఫీ రెండూ గెలిచాడు. ఇక టేలర్ హాల్ 2009, 2010 రెండేళ్ళూ వరసగా స్టాఫర్డ్ స్మైత్ గెలిచాడు.

ఇంకో అవార్డు గురించి తప్పకుండా చెప్పాలి. మెమోరియల్ కప్‌లో క్రీడాస్ఫూర్తికి ఇచ్చేది జార్జ్ పార్సన్స్ ట్రోఫీ. పార్సన్స్ టొరంటో ఆటగాడు. 1939లో ఆటలో దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది, ఆట అక్కడితో ఆగిపోయింది. ఆయన ఇంట్లో కూర్చోలేదు. క్రీడా సామగ్రి కంపెనీలో చేరి ఆటగాళ్ళ హెల్మెట్ల మీద, ముఖానికి వేసుకునే రక్షణ తొడుగుల మీద పని చేశాడు. ఇవాళ ఆడే కుర్రాళ్ళ కళ్ళు భద్రంగా ఉన్నాయంటే అందులో ఆయన పాత్ర కూడా ఉంది. నా లెక్కలో ఒక పేరు కప్పు మీద ఉండటానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

ఇప్పుడు బస్సు దగ్గరికి వద్దాం. స్విఫ్ట్ కరెంట్ సస్కచెవాన్‌లో ఒక చిన్న ఊరు. 1986 డిసెంబర్ 30న అక్కడి బ్రాంకోస్ జట్టు రెజైనాలో మ్యాచ్ ఆడటానికి బయల్దేరింది. ఊరు దాటీ దాటకముందే మంచు పట్టిన రోడ్డు మీద బస్సు అదుపు తప్పి పడిపోయింది. వెనక సీట్లలో పేకాడుకుంటున్న నలుగురు చనిపోయారు. ట్రెంట్ క్రెస్, స్కాట్ క్రూగర్, క్రిస్ మాంటికా, బ్రెంట్ రఫ్. రఫ్‌కి 16 ఏళ్ళు. బయటపడ్డవాళ్ళలో జో సాకిక్ ఒకడు. తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో గొప్ప ఆటగాడయ్యాడు. తన స్నేహితుల పేరు మీద ఉన్న ఫోర్ బ్రాంకోస్ ట్రోఫీని 1988లో అతనే అందుకున్నాడు. అది చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ కుర్రాడికి ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ప్రమాదం జరిగిన మూడో ఏడాది, 1989లో, బ్రాంకోస్ తమ లీగ్ ప్లేఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. మెమోరియల్ కప్ ఫైనల్లో ఆతిథ్య జట్టు సస్కటూన్‌ని అదనపు సమయంలో 4–3తో ఓడించారు. చివరి గోల్ టిమ్ టిస్‌డేల్‌ది. ఊరంతా ఏడ్చింది, ఊరంతా పండగ చేసుకుంది. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది.

కానీ కథ అక్కడ ఆగలేదండి. ఆ గెలుపు జట్టులో షెల్డన్ కెనడీ అనే ఆటగాడు ఉన్నాడు. బస్సు ప్రమాదం నుంచి కూడా బయటపడ్డవాడు. జట్టు కోచ్ గ్రాహం జేమ్స్ తన మీద ఏళ్ళ తరబడి లైంగిక దాడి చేశాడని అతను తర్వాత పోలీసులకి చెప్పాడు. 1997 జనవరిలో జేమ్స్ నేరం ఒప్పుకున్నాడు, మూడున్నరేళ్ళ జైలు శిక్ష పడింది. అంటే కప్పు గెలిచి జనం చప్పట్లు కొడుతున్నప్పుడు, ఆ గదిలోనే ఎవరూ వినని ఒక బాధ ఉంది. కెనడీ తర్వాత ఊరుకోలేదు. కోచ్‌లకి, తల్లిదండ్రులకి, నిర్వాహకులకి పిల్లల భద్రత గురించి శిక్షణ ఇచ్చే సంస్థని మరొకరితో కలిసి పెట్టాడు.

నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పాలనుకున్న మాట ఇదే. మొదట వేసుకున్న ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇవి పిల్లల లీగులు. నాలుగేళ్ళు ఆడతారు, వెళ్ళిపోతారు, ఎక్కువమంది ఎన్‌హెచ్‌ఎల్ దాకా చేరరు. జట్టులో ముఖాలు మారిపోతూ ఉంటాయి. మారకుండా మిగిలేది కప్పు మీద పేరు ఒక్కటే. అందుకే పోయినవాళ్ళని అక్కడ దాచుకున్నారు. అది మంచి అలవాటే. కానీ కప్పు సగమే గుర్తుపెట్టుకుంటుంది. యుద్ధాన్ని గుర్తుపెట్టుకుంటుంది, ప్రమాదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పెద్దవాళ్ళు చేసిన తప్పుని మాత్రం ఏ కప్పు మీదా చెక్కరు. ఆ మిగతా సగం మనమే గుర్తుపెట్టుకోవాలి.

2018 ఏప్రిల్ 6న మళ్ళీ సస్కచెవాన్‌లోనే, ఇంకో జూనియర్ లీగుకి చెందిన హంబోల్ట్ బ్రాంకోస్ జట్టు ప్లేఆఫ్ మ్యాచ్‌కి వెళ్తుంటే బస్సు, లారీ ఢీకొన్నాయి. 16 మంది చనిపోయారు. ఆ వారం కెనడా అంతటా జనం తమ గుమ్మం బయట ఒక హాకీ కర్ర ఆనించి పెట్టారు, ఆ పిల్లలకి అవసరం పడుతుందేమో అన్నట్టు. కెనడాలో ఉన్న మన తెలుగువాళ్ళు కూడా ఆ కర్రలు చూసే ఉంటారు.

మన ఇళ్ళలోనూ పిల్లల్ని అకాడమీలకి, హాస్టళ్ళకి, దూరపు టోర్నమెంట్లకి పంపిస్తున్నాం. కప్పు తెచ్చాడా అని అడుగుతాం. తప్పు లేదు. దాంతోపాటు బస్సు ఎలా ఉంది, కోచ్ ఎలాంటివాడు, రాత్రి నిద్ర పడుతోందా అని కూడా అడుగుదాం. పిల్లాడు జవాబు చెప్పడానికి కాస్త ఆలస్యం చేస్తే, ఫోన్ పెట్టేయకుండా ఇంకొంచెంసేపు ఆగుదాం.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో ఆటతో కలుద్దాం. ఉంటానండి, సెలవు.