లక్షల సెట్టులో వినపడని తాళం
హైదరాబాదు ఆడియో ప్రదర్శనలో మన పల్నాటి మైకు బాబాయి

(గ్రామీణ విలేఖరి)

నరసరావుపేట: పాట వినడానికి ఎంత ఖర్చవుతుంది? సెల్‌ఫోను చేతిలో ఉంటే కానీ ఖర్చు లేదంటారు మనవాళ్ళు. అదే పాట ఇంట్లో కూర్చుని వినడానికి పొలం అమ్మినంత సొమ్ము పోసేవారు కూడా ఉన్నారంటే పల్లెల్లో నమ్మేవారు తక్కువ. ఈ విలేఖరి కూడా మొదట నమ్మలేదు. కళ్ళతో చూసి, చెవులతో విని వచ్చాక నమ్మక తప్పలేదు. అయితే అక్కడ తెలిసిన అసలు సంగతి ధరలది కాదు, చెవులది.

నరసరావుపేట చేరువలోని ఒక గ్రామంలో నలభై ఏళ్ళుగా మైకుసెట్టు అద్దెకిచ్చే పెద్దాయన ఒకరున్నారు. వయసు అరవై దాటింది. ఊరంతా ఆయనను మైకు బాబాయి అంటారు. పేరు పేపర్లో వేయవద్దన్నారు గనుక మనమూ అలాగే పిలుద్దాం. పెళ్ళి, భజన, ఎన్నికల ప్రచారం, చివరకు చావు, ఏది వచ్చినా బాబాయి హారన్లు వేపచెట్టు కొమ్మకు కట్టాల్సిందే. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ కదిలితే, దాని వెంట బండి మీద బాబాయి సెట్టు కదలాల్సిందే.

ఆయన కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఒక పెద్ద హోటలులో వ్యాపారులు ఖరీదైన ఇంటి ఆడియో సామాను ప్రదర్శన పెట్టారని తెలిసి, "నీ బతుకంతా సౌండుతోనే గడిచింది గదా నాయనా, ఒక్కసారి వచ్చి చూడు" అని కబురు పంపాడు. తోడుగా ఈ విలేఖరి కూడా బస్సెక్కాడు.

గదికో సెట్టు

ప్రదర్శన అంటే మన తిరునాళ్ళ అంగళ్ళలాగా వరుసగా బల్లలు ఉంటాయనుకున్నాం. అలా లేదు. హోటలులోని ఒక్కో గదిని ఒక్కో వ్యాపారి తీసుకున్నాడు. గది నిండా తివాచీ, గోడలకు మందపాటి తెరలు, మూలల్లో దూది దిమ్మెలు. చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా ఈ ఏర్పాటు. ఎదురుగా మనిషెత్తు పెట్టెలు రెండు, వాటి మధ్య ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు. ఇవతల మూడు వరుసల కుర్చీలు. తలుపు మూశాక అందరూ గుడిలో కూర్చున్నట్టు నోరు మెదపకుండా కూర్చున్నారు.

ఆంప్లిఫయరు పైన గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి. బాబాయి ముందుకు వంగి, "ఏందబ్బాయ్, ఇవి పాతకాలం రేడియోలో వాల్వులు గదా!" అన్నారు. నిజమే. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1947లో ట్రాన్సిస్టరు పుట్టాక వాల్వులు మన రేడియోల్లోంచి క్రమంగా మాయమయ్యాయి. ఈ లక్షల సెట్లలో మాత్రం అవి రాజ్యమేలుతున్నాయి. వాటి ధ్వనిలో ఒక మెత్తదనం ఉంటుందని అభిమానుల మాట.

పెట్టెల జత ధర చీటీ మీద ఏడంకెలు ఉన్నాయి. బారెడు తీగ లక్ష పైమాటే అన్నారు. "ఆ డబ్బుతో మన మండలమంతా తీగ లాగొచ్చు" అని బాబాయి నవ్వేశారు. ఈ తీగల వల్ల పాటలో నిజంగా తేడా వస్తుందా రాదా అన్న విషయంలో ఆ రంగం తెలిసినవారిలోనే ఏకాభిప్రాయం లేదు.

ఇవి గొప్ప ధరలేమీ కావు. అమెరికాలోని విల్సన్ ఆడియో సంస్థ తయారుచేసిన ఒక రకం పెట్టెల జత ధర, అవి మొదట వచ్చినప్పుడు 6,85,000 డాలర్లు. అవి కూడా 70 జతలే చేస్తామని ప్రకటించారు. ఇలాంటి సరుకుకు లోకంలో పేరుపడ్డ జాతర జర్మనీలో పుట్టిన 'హై ఎండ్' ప్రదర్శన. 1982లో డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో మొదలై, 2004 నుంచి 2025 దాకా, కరోనా ఏళ్ళు మినహా, మ్యూనిక్‌లో జరిగింది. 2026కు దానిని ఆస్ట్రియా రాజధాని వియన్నాకు మార్చాలని నిర్ణయించారు.

ఉన్నది ఉన్నట్టు

ఇంత ఖర్చు ఎందుకు? ఈ ప్రశ్నకు ఆ గదిలోని కుర్రవాడు ఒక్క మాటలో జవాబు చెప్పాడు: 'హై-ఫై'. పాడినవాడి గొంతు, వాయించినవాడి వేలు, ఏమీ కలపకుండా, ఏమీ తగ్గించకుండా ఉన్నది ఉన్నట్టు మనకు అప్పజెప్పడమే ఆ మాటకు అర్థం.

రికార్డు మీద ముల్లు ఆనించాడు. గాయని గొంతు రెండు పెట్టెల్లోంచి కాక, వాటి నడుమ ఖాళీలోంచి వచ్చింది. అక్కడ మనిషి నిలబడి పాడుతున్నట్టే ఉంది. బాబాయి పాట అయ్యేదాకా ఆగి, మెల్లగా లేచి వెళ్ళి తెర వెనక మూడో పెట్టె ఏమన్నా దాచారేమోనని చూసి వచ్చారు. అందరూ నవ్వారు. మూడో పెట్టె లేదు. రెండు చెవులకు రెండు దారుల్లో ధ్వని అందిస్తే మనసే దానికి ఒక చోటు కల్పిస్తుంది. దీన్ని స్టీరియో అంటారు. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్ 1931లోనే దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు. మనం కూర్చునే కుర్చీ, రెండు పెట్టెలు మూడూ సమాన దూరంలో ఉంటే ఈ చిత్రం బాగా కుదురుతుంది. ఇది ఇంట్లో చిన్న సెట్టు ఉన్నవారు కూడా పైసా ఖర్చు లేకుండా చేసి చూడవచ్చు.

"మన పని వేరు, వీళ్ళ పని వేరు అబ్బాయ్" అన్నారు బాబాయి. "మన హారను నాలుగు పొలాల అవతల వాడికి మాట అందియ్యాలి. వీళ్ళ పెట్టె నాలుగు బారల్లో ఉన్నోడికి ఊపిరి తీసింది కూడా అందియ్యాలి." ఆ మాట ఎంత సరైనదో చెప్పనక్కరలేదు. హారను మాటను దూరం విసురుతుంది గానీ మద్దెల అడుగు మోతనూ, పైన తాళం తళుకునూ చాలావరకు కోసేస్తుంది. అయినా మన పల్లెలకు పాటను పరిచయం చేసింది ఆ హారనే. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో కొనలేని ఇళ్ళకు పంచాయతీ లౌడుస్పీకరే దిక్కు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక కూడా ఆయన భగవద్గీత గుళ్ళ మీది హారన్లలోంచి ఊళ్ళను నిద్ర లేపుతూనే ఉంది.

చిరుతాళం ఎక్కడ?

ఇలాంటి ప్రదర్శనలకు వచ్చేవారు తమ సొంత రికార్డులు తెచ్చుకుని వేయమని అడగడం ఆనవాయితీ అట. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంచిలోంచి పాత భజన కీర్తనల రికార్డు తీశారు. ముల్లు ఆనింది. మద్దెల, హార్మణీ, పదిమంది గొంతులు. పల్లవి రెండోసారి వచ్చేసరికి ముందు వరుసలో ఒకాయన, "ఆహా, ఆ చిరుతాళాలు చూశారా! చెవి పక్కనే మోగుతున్నాయి" అన్నారు. తక్కినవారు తల ఊపారు.

బాబాయి ఈ విలేఖరి వైపు తిరిగి, "ఏ తాళాలు?" అన్నారు.

కుడివైపు వినండి అని చెప్పాం. విన్నారు. కుర్చీ మారారు. కుర్రవాడు ముల్లు ఎత్తి మళ్ళీ మొదటినుంచి వేశాడు. తాళాలు గలగలమంటూనే ఉన్నాయి. బాబాయి కళ్ళు మూసుకుని, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, పాట అయిపోయేదాకా కూర్చున్నారు. "నాకు వినపడట్లా అబ్బాయ్" అన్నారు చివరకు.

గదిలో నవ్వినవారు లేరు.

తిరుగు బస్సులో మిర్యాలగూడ దాటేదాకా ఆయన మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక్కటే మాట. "ఎన్ని సెట్లు చెడిపోతే బాగు చేశానో లెక్క లేదు. నా చెవి చెడిపోయిందని మాత్రం తెలవలా. మీ పిన్ని మాట వినపడకపోతే, గొణుగుతావేంది అని ఇన్నేళ్ళూ దాన్నే కసిరాను."

బాగు చేయలేని భాగం

వారం తర్వాత గుంటూరులో చెవి డాక్టరుకు చూపించారు. ఒక గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నవీ లావువీ స్వరాలు వినిపిస్తూ గీత గీశారు. లావు స్వరాల దగ్గర గీత బాగానే ఉంది. సన్న స్వరాల దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. పెద్ద చప్పుళ్ళలో పనిచేసేవారికి ముందు దెబ్బ తినేది ఈ సన్న స్వరాలేనని డాక్టరు వివరించారు.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. అందులో దాదాపు 15 వేల సన్నని రోమ కణాలు ఉంటాయి. ధ్వని వచ్చినప్పుడు కదిలి, మెదడుకు కబురు పంపేవి అవే. పెద్ద మోతకు అవి గాలివానకు వరిచేను పడినట్టు పడిపోతాయి. చేను మళ్ళీ వేసుకోవచ్చు. మనిషికి ఈ కణాలు మళ్ళీ మొలవవు. నొప్పి ఉండదు, నెత్తురు రాదు. అందుకే పోయిన సంగతి ఏళ్ళ తరబడి తెలియదు. మద్దెల వినపడుతూనే ఉంటుంది గనుక చెవి బాగానే ఉందనుకుంటాం. పోయేది చిరుతాళం, పిచ్చుక కూత, ఆడవారి మాటలో 'స', 'త' లాంటి అక్షరాలు.

తిరునాళ్ళ లెక్క

చప్పుడును డెసిబెల్సులో కొలుస్తారు. పనిచేసేచోట 85 డెసిబెల్సు దగ్గర రోజుకు 8 గంటలు మించకూడదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధకుల లెక్క. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్సుకు వ్యవధి సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 100కి పావుగంట. ఇంకా పైకి పోతే నిమిషాల మీదికి వస్తుంది.

హైదరాబాదు గదిలో పాట నడుస్తుండగా ఈ విలేఖరి సెల్‌ఫోనులో కొలిస్తే 80 దాటలేదు. లక్షల సెట్టు, చిన్న చప్పుడు! అదే మన ఊరేగింపులో డీజే బాక్సుల ముందు పెడితే అంకె వంద దాటి పోయింది. ఫోను లెక్క కచ్చితం కాదు గానీ తేడా ఎంతో తెలుసుకోవడానికి చాలు. ఆ బాక్సుల బండి మీదే, వాటిని ఆనుకుని, పదేళ్ళ పిల్లలు కూర్చుని ఉన్నారు. పావుగంట కాదు, అర్ధరాత్రి దాకా.

చట్టం లేక కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడుస్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయలు ప్రదేశాల్లో వాడరాదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. వినోద స్థలాల్లో సగటు మోత 100 డెసిబెల్సు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో సూచించింది.

బాబాయి ఏం చేశారు?

బాబాయి మైకుసెట్టు మానలేదు. "అది మానితే తినేదేంది?" అన్నారు. అయితే సెట్టు దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళకు మందుల షాపులో చెవి ప్లగ్గులు కొనిచ్చారు. ఉత్త దూది పెడితే మోత ఆగదని డాక్టరు చెప్పారట. బాక్సులు జనం మొహాన కాకుండా పైకెత్తి పెడుతున్నారు. బయలులో దూరం రెట్టింపైతే మోత 6 డెసిబెల్సు దాకా తగ్గుతుంది. అంటే నాలుగడుగుల్లో నిలబడే పిల్లవాణ్ణి పదహారడుగులకు జరిపితే 12 తగ్గినట్టు. బండి మీద పిల్లల్ని ఎక్కనివ్వడం లేదు.

దీనివల్ల ఆయనకు నష్టం రాలేదనడానికి లేదు. "సౌండు తగ్గితే మా పరువు తగ్గుద్ది" అని ఒక పెళ్ళివారు బయానా వెనక్కి తీసుకుని మరో సెట్టు మాట్లాడుకున్నారు. "పోనీలే, వాళ్ళ చెవులు వాళ్ళిష్టం. నా దగ్గర పనిచేసే పిల్లగాళ్ళ చెవులకు మాత్రం నాదే పూచీ" అన్నారు బాబాయి.

ఇప్పుడు ఆయన చెవికి చిన్న మిషను ఉంది. పోయింది తిరిగి రాలేదు గానీ పిన్ని పిలిస్తే పలుకుతున్నారు. హైదరాబాదులో చూసిన పెట్టెల్లో ఏది నచ్చిందని అడిగితే, "అన్నీ మంచియ్యే. వాటికి తగ్గ చెవి ఉన్నోడికి" అన్నారు.

వచ్చే తిరునాళ్ళకు పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వెళ్ళే తండ్రులు ఒక్క క్షణం ఆలోచించాలి. భుజం మీది పిల్లవాడి చెవి సరిగ్గా బాక్సు ఎత్తులో ఉంటుంది. నాలుగడుగులు వెనక్కి వేసినా ప్రభ కనపడుతుంది, పాటా వినపడుతుంది. ఆ పిల్లవాడికి అరవై ఏళ్ళ వయసులోనూ చిరుతాళం వినపడాలి గదా.