రెండు బ్యాటరీలు – ఒక లెక్క

గంగాళం అడుగున పదోవంతు నీళ్ళున్నాయి. పక్కనే చెంబు నిండుగా ఉంది. రెండింటికీ సరాసరి తీసి, ఇంట్లో సగానికి పైగా నీళ్ళున్నాయని ఎవరైనా అంటారా? నేను రాసిన ప్రోగ్రాం సరిగ్గా అదే అన్నది. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వవలసిన ముందు రాత్రి కరెంటు పోయింది. తెరమీద 55 శాతం చూసి, నాలుగు గంటలు ఢోకా లేదనుకుని మళ్ళీ అటు చూడలేదు. రెండున్నర గంటలకే లాప్‌టాప్ ఆరిపోయింది. సేవ్ చేయని పేజీలన్నీ గల్లంతు!

తప్పు యంత్రానిది కాదు, నా లెక్కదే.

2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480నే తీసుకుందాం. దానికి లోపల 24 వాట్-అవర్ల బ్యాటరీ ఒకటి, బయట ఊడదీసి మార్చుకునేది మరొకటి. ఈ రెండోది 72 వాట్-అవర్లది కూడా ఉండేది. మామూలుగా ముందు బయటిది ఖర్చవుతుంది, ఆ తర్వాతే లోపలిది. పని ఆపకుండానే బయటిదాన్ని మార్చుకోవచ్చునన్నమాట. కాబట్టి ఒకటి నిండుగా, ఒకటి అడుగంటి ఉండటం ఇక్కడ రోజూ జరిగేదే.

లినక్స్‌లో ఈ వివరాలు 'పవర్_సప్లై' అనే డైరెక్టరీలో ఉంటాయి. అందులో బ్యాట్0, బ్యాట్1 అని బ్యాటరీకొక విభాగం. ఒక్కొక్కదానిలో 'కెపాసిటీ' అనే ఫైలు శాతం చెబుతుంది. నేను ఆ రెండు శాతాలూ కూడి, రెండుతో భాగించి ఊరుకున్నాను. చూడవలసినవి 'ఎనర్జీ_నౌ', 'ఎనర్జీ_ఫుల్' అనే ఫైళ్ళు. వాటిలో అంకెలు మైక్రోవాట్-అవర్లు. బ్యాటరీలు కొత్తవే అనుకుందాం. లోపల 24, బయట 72లో పదోవంతు 7.2, వెరసి 31.2. రెండూ నిండితే 96. అంటే మిగిలినది 32.5 శాతమే!

కొన్ని యంత్రాలు ఎనర్జీ చెప్పవు, 'ఛార్జ్_నౌ' అని మైక్రో ఆంపియర్-అవర్లు చెబుతాయి. వోల్టేజీలు వేరైన బ్యాటరీల ఆంపియర్-అవర్లను నేరుగా కూడరాదు. దేని వోల్టేజీతో దాన్ని గుణించాకే కూడిక.

ఇంకొక తమాషా ఉంది. తీగలేని మౌసు బ్యాటరీ కూడా ఆ డైరెక్టరీలోనే కనిపించవచ్చు. 'స్కోప్' ఫైలులో 'డివైస్' అని ఉంటే దాన్ని వదిలేయాలి. లేకపోతే మౌసులోని సెల్లు కూడా లాప్‌టాప్‌ను నడుపుతున్నట్టు లెక్క తేలుతుంది! బయటి బ్యాటరీ ఊడదీస్తే దాని విభాగం కనబడకపోవచ్చు గనుక, పేర్లు ముందే రాసిపెట్టుకోకుండా చూసిన ప్రతిసారీ డైరెక్టరీ మొత్తం చదవాలి.

విండోస్‌లో 'గెట్‌సిస్టమ్‌పవర్‌స్టేటస్' అనే ఫంక్షన్ మొత్తానికి ఒకే శాతం ఇస్తుంది. విడివిడిగా కావాలంటే అది చాలదు.

భాగించేటప్పుడు 'ఎనర్జీ_ఫుల్_డిజైన్' వాడకండి. అది ఫ్యాక్టరీలో అనుకున్న అంకె. బ్యాటరీ పాతబడుతున్న కొద్దీ తగ్గేది 'ఎనర్జీ_ఫుల్'. మా హాస్టలు గదుల్లో ఏళ్ళ తరబడి నలిగిన బ్యాటరీలకు ఈ రెంటికీ పొంతనే ఉండదు.