దగ్గు తెలిసీ కదలని మనిషి

ఆర్మూరు ప్రాంతంలో పసుపు పంట ఇంటికి వచ్చే రోజుల్లో దగ్గు ఎవరినీ కలవరపెట్టదు. కొమ్ములు ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టేటప్పుడు లేచే పొడి గొంతులో దిగుతుంది. ఏడాది పొడుగునా చాట ముందు కూర్చుని తునికాకులో తంబాకు చుట్టే స్త్రీలదీ అదే స్థితి. దుమ్మువల్ల వచ్చిన దగ్గేనని సరిపెట్టుకుని, రాత్రి పాలలో ఇంత పసుపు వేసుకు తాగి పడుకుంటారు. తగ్గితే సంతోషమే. కాని రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు క్షయ కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్షకు, మందులకు పైసా ఖర్చు లేదు. ఈ సంగతి తెలిసినవారు సైతం వెళ్లకుండా రోజులు గడుపుతారు. తెలియటానికీ, కదలటానికీ నడుమ ఏమున్నది?

ఈ ప్రశ్న శాస్త్రజ్ఞుల ముందుకు మొదట వచ్చింది కూడా క్షయవ్యాధి మూలంగానే. 1950ల ఆరంభంలో అమెరికా ప్రజారోగ్య శాఖవారు ఎక్స్‌రే యంత్రాలను వాహనాల్లో పెట్టి ప్రజల వాకిళ్ల దగ్గరికే తీసుకువెళ్లారు. పరీక్ష ఉచితం, అయినా అనుకున్నంతమంది రాలేదు. ఆ శాఖలో పనిచేస్తున్న గాడ్‌ఫ్రే హాక్‌బామ్ మూడు నగరాల్లో 1200 మందికి పైగా ప్రశ్నించి, 1958లో ఫలితాలు ప్రకటించారు. ఈ జబ్బు తనకూ రావచ్చునని, ముందుగా కనిపెడితే మేలు కలుగుతుందని రెండూ నమ్మినవారిలో 82 శాతం మంది తమంతట తాము ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివారిలో అలా చేసినవారు 21 శాతమే. ఇర్విన్ రోజెన్‌స్టాక్ మొదలైనవారు ఈ ఆలోచనను పెంచి 'ఆరోగ్య విశ్వాస నమూనా'గా రూపొందించారు. దాని సారం ఇది: జబ్బు తనకు రావచ్చుననే భయం, దాని తీవ్రత, చికిత్సవల్ల లాభం ఒకవైపు, అడ్డంకులు మరోవైపు. మనిషి మనసు ఈ తక్కెడను తూచి చూస్తుంది. ఆ పైన కదిలించే ఒక పిలుపు కావాలి.

ఆర్మూరులో ఈ తక్కెడ ఎటు మొగ్గుతుందో చూడటం కష్టం కాదు. దగ్గుకు దుమ్ము అనే కారణం చేతిలోనే ఉండగా జబ్బు తనకు వచ్చిందని ఎవరు ఒప్పుకుంటారు? ఇక అడ్డంకులు. బీడీ కార్మికురాలికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఆసుపత్రి వరుసలో నిలబడిన పూట ఆమె కూలి లేని పూట. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో క్షయ అన్న మాట బయటికి పొక్కనివ్వరు. గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న యువకుడిది వేరే భయం. వీసా వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. ఊపిరితిత్తిపై పాత మచ్చ కనిపించినా తిరస్కరించే అవకాశం ఉంది. అందుకే అతడు జబ్బును దాస్తాడు. చికిత్స ఆలస్యమైన కొద్దీ మచ్చ పెద్దదయ్యే ప్రమాదం ఎక్కువని అతడికి ఎవరైనా చెప్పారా?

వీటన్నిటికీ తఖ్దీర్ అనే పేరు పెట్టి ఊరుకోవటం కద్దు. హిజ్రీ 18 ప్రాంతంలో సిరియాలో మహమ్మారి చెలరేగినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) సర్ఘ్ అనే చోట ఆగి, సహచరులతో సంప్రదించి, వెనుదిరగాలని నిశ్చయించారు. దైవనిర్ణయం నుండి పారిపోవటమా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) భావం. మహమ్మారి ఉన్న చోటికి వెళ్లవద్దని, ఉన్న చోటినుండి పారిపోవద్దని మహాప్రవక్త (సల్లం) ఆదేశించిన సంగతిని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అప్పుడు తెలియజేశారు. ప్రతి వ్యాధికీ మందు ఉన్నదని బోధించిన ధర్మంలో తవక్కుల్‌కు చేతులు ముడుచుకోవటమనే అర్థం ఎలా వస్తుంది?

అయితే తప్పంతా రోగి నమ్మకాలదేనని తేల్చటం అన్యాయం. మన పొరుగునే ఉన్న తుమకూరు జిల్లాలో బెంగుళూరు జాతీయ క్షయ సంస్థకు చెందిన డి. బెనర్జీ, ఎస్. ఆండర్సన్ గ్రామాల్లోని క్షయరోగులను విచారించి 1963లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోగుల్లో అత్యధికులకు తమ లక్షణాలు తెలుసు. సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం ఆసుపత్రుల తలుపు తట్టారు! కాని చాలామందికి అక్కడ దొరికింది దగ్గు మందు సీసా. మూఢనమ్మకాలవల్ల ప్రజలు రారని అధికారులు అంటున్న కాలంలో, ప్రజలు వచ్చారు గాని గుర్తించబడలేదని ఈ పరిశోధన చూపింది. హాక్‌బామ్ లెక్కల పక్కన ఈ లెక్కను కూడా పెట్టి చదవాలి.

పరీక్ష దాటినా కథ ముగియదు. సాధారణ క్షయకు మందులు ఆరు నెలలు. కొద్ది వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. ఇక మందులెందుకని మానేసేవారు ఇక్కడే తయారవుతారు. చివరిదాకా చేయగలనన్న ఆత్మవిశ్వాసమే ఆచరణకు ప్రాణమని ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించారు. పొగతాగటం మానేవారిని పరిశీలించిన ప్రోచాస్కా, డిక్లెమెంటే 1983లో మార్పు ఒక్క గంతులో రాదని, దశలు ఉంటాయని, మారిన తర్వాత నిలబడటం కూడా ఒక దశేనని చూపారు. ఆధునిక సిద్ధాంతాలను వహీలో వెదకటం సరికాదు గాని, మద్యనిషేధం దశలవారీగా అవతరించిందని ఎరిగిన పాఠకులకు ఈ మాట కొత్తగా తోచదు. మద్యంలో లాభం కన్నా పాపం అధికమని తెలియజేయటం, మత్తులో నమాజుకు దూరంగా ఉండమనటం, ఆ పిదప పూర్తి నిషేధం. ఆఖరి ఆజ్ఞ వచ్చేసరికి మదీనావాసులు తామే మద్యాన్ని వీధుల్లో పారబోశారు.

జుమా నాడు మస్జిదులో ఒక్క ప్రకటన చేస్తే అది రోజెన్‌స్టాక్ చెప్పిన పిలుపు అవుతుంది. అయితే పిలుపు విన్న బీడీ కార్మికురాలు మర్నాడు ఏమి చేస్తుంది? కఫం నమూనాలు సాధారణంగా రెండు ఇవ్వాలి: ఒకటి వెళ్లినప్పుడు, రెండవది తెల్లవారి లేవగానే. అంటే రెండు సార్లు తిరగాలి, రెండు పూటల కూలి పోవాలి. తెల్లవారి తీసిన డబ్బాను ఆశా కార్యకర్తో, ఇంట్లో చదువుకునే కొడుకో తీసుకువెళితే ఆ రెండవ పూట ఆమెకు మిగులుతుంది.