పెద్దవయసు రైతులకు మూత్రబాధ : ఆల్ఫా నిరోధక మందులు వాడు విధము

ఎద్దు ఒక పూట మేత మానివేసినచో రైతు ఊరకుండడు. వెంటనే పశువైద్యశాలకు తోలుకొనిపోవును. మిరప ఆకు ముడుచుకొన్నదని తోచినచో మరునాటికే వ్యవసాయాధికారిని అడుగును. కాని అదే రైతు తాను రాత్రి నాలుగుసార్లు మూత్రమునకు లేవవలసి వచ్చుచున్నను, లేచి వెళ్ళి చాలసేపు నిలబడినగాని ధార రాకున్నను, ఆ సంగతి ఇంట్లోవారికి సహితము చెప్పడు. వయసు మళ్ళినది గదా అని సరిపెట్టుకొనును. అందులో సిగ్గు కొంత, నిర్లక్ష్యము కొంత. ఈసారి పైరు సంగతి కొంచెము పక్కనబెట్టి, ఆ పైరు పెట్టు మనిషి సంగతి చెప్పుకొందము.

ప్రోస్టేట్ గ్రంథి

పురుషులకు మాత్రమే ఉండు ఈ గ్రంథి మూత్రాశయమునకు సరిగా దిగువను, మూత్రనాళమును చుట్టుకొని ఉండును. వయసులో ఉన్నవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు. పరిమాణమున ఇంచుమించు ఉసిరికాయంత. వీర్యములోని ద్రవమును కొంత తయారుచేయుట దీని పని. 40 ఏండ్లు దాటిన తరువాత ఇది మెల్లగా పెరుగ నారంభించును. 50, 60 ఏండ్ల మధ్యవారిలో సుమారు సగముమందికి, 80 దాటినవారిలో పదింట ఎనిమిది తొమ్మిదిమందికి ఈ పెరుగుదల కనబడును. ఐతే పెరిగినవారందరును బాధపడరు. కొందరికి గ్రంథి పెద్దదైనను ధార చక్కగా వచ్చును. మరికొందరికి కొద్దిగా పెరిగినను నానా ఇబ్బంది కలుగును. దీనికి కారణము ముందు చెప్పబోవుచున్నాము. ఈ పెరుగుదల పుట్టకురుపు కాదు, అనగా కాన్సరు కాదు. రెండును ఒకే గ్రంథిలో రావచ్చును గనుక వైద్యుడు రెంటికిని పరీక్ష చేయును.

మూత్రాశయమును చెరువనుకొనుడు, మూత్రనాళమును తూమనుకొనుడు. తూము చుట్టును గట్టు ఉబ్బి లోపలికి నొక్కుకొనివచ్చినచో నీరు సన్నగా పారును. ధార పలుచబడుట, ఆగి ఆగి వచ్చుట, అయిపోయినదనుకొన్న తరువాత చుక్కలు చుక్కలుగా పడుట, ఇంకను లోపల మిగిలియున్నట్లు తోచుట, రాత్రి పలుమార్లు లేచుట, ఒక్కొక్కప్పుడు ఆపుకొనలేకపోవుట దీని లక్షణములు. మొదట మూత్రాశయపు కండరము బలముకొద్దీ నెట్టి పని జరుపుకొనును. ఏండ్లు గడచినకొలది అది దళసరియై, పిమ్మట అలసిపోవును. అప్పుడు మూత్రము పూర్తిగా ఖాళీ కాక లోపలనే నిలువయుండును. నిలువనీటిలో నాచు పట్టినట్లే ఇక్కడను చీము పుట్టవచ్చును, రాళ్ళు పేరవచ్చును. ఒత్తిడి వెనుకకు తన్ని మూత్రపిండములు చెడుట అన్నిటికంటె ప్రమాదము. ఈ చివరిది నొప్పి లేకుండ జరుగుటయు కలదు.

మందు ఎట్లు పుట్టినది?

తూము దగ్గర అడ్డు రెండు విధములు. గ్రంథి కండ పెరిగి నొక్కుట ఒకటి. గ్రంథిలోను, మూత్రాశయపు మెడవద్దను ఉండు సన్నని కండరములు బిగుసుకొనుట రెండవది. గ్రంథి చిన్నదైనను ఈ బిగువు ఎక్కువైనచో బాధ ఎక్కువగును.

ఈ కండరములు మన ఇష్టముతో కదలునవి కావు. వాటిని బిగించు నరములు నారడ్రినలిన్ అను ద్రవ్యమును విడుచును. 1948లో అమెరికాకు చెందిన రేమండ్ ఆల్‌క్విస్ట్ అను శాస్త్రజ్ఞుడు ఈ ద్రవ్యము పనిచేయు చోటులు రెండు రకములని చూపి, వాటికి ఆల్ఫా, బీటా అని పేరుపెట్టెను. 1975లో జెరూసలేములోని మార్కో కెయిన్ అను శస్త్రవైద్యుడును, అతని తోటివారును మనిషి ప్రోస్టేట్ కండరములో ఆల్ఫా చోటులు విశేషముగా కలవని కనుగొనిరి. తాళమునకు వేరొక చెవి పెట్టియుంచినచో అసలు చెవి దూరజాలదు గదా! అట్లే ఆ చోటులను ముందుగా ఒక మందు ఆక్రమించినచో నారడ్రినలిన్ వచ్చి బిగింపజాలదు; కండరము సడలును; తూము వదులగును. ఇవియే ఆల్ఫా నిరోధక మందులు.

మొదట వాడిన ఫినాక్సీబెంజమీన్ పనిచేసినదిగాని తలతిరుగుడు మొదలగు ఇబ్బందులు ఎక్కువ. తరువాత టెరజోసిన్, డాక్సజోసిన్ అనునవి వచ్చెను. ఇవి ముందు రక్తపోటుకు తయారైన మందులు. 1990 తరువాత ప్రచారములోనికి వచ్చిన టామ్సులోసిన్, అటుపిమ్మట సైలోడోసిన్ అను మందులు రక్తనాళములమీద తక్కువగాను, ప్రోస్టేట్ మీద ఎక్కువగాను పనిచేయును. ఆల్ఫుజోసిన్ అనునది మరొకటి. మన జిల్లాలలో వైద్యులు ఎక్కువగా వ్రాయునది టామ్సులోసిన్.

వాడు విధము

ఈ మందును మందులషాపువానిని అడిగి తెచ్చుకొని మింగరాదు. రాత్రి మాటిమాటికి లేచుటకు మధుమేహము కారణము కావచ్చును. చీము, రాయి, కాన్సరు కావచ్చును. వైద్యుడు మూత్రపరీక్ష, రక్తములో చక్కెర, మూత్రపిండముల పరీక్ష చేయించును. గుదమార్గమున వ్రేలితో గ్రంథిని తడవి చూచును. దీనికి కొందరు ఒప్పుకొనరు. ఒక నిమిషపు పనికి బిడియపడి గట్టి కణితిని దాచుకొనుట తెలివి కాదు. అవసరమైనచో పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష చేయించి, స్కానింగులో మూత్రము ఎంత మిగులుచున్నదో కొలుతురు. బాధ ఎంత ఉన్నదో తెలియుటకు 7 ప్రశ్నలు అడిగి మార్కులు వేయుదురు. మొత్తము 35లో 7 వరకు స్వల్పము, 8 నుండి 19 మధ్యమము, 20 ఆపైన తీవ్రము. స్వల్పముగా ఉన్నవారికి తరచు మందే అవసరముండదు.

టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాముల గొట్టము, అనగా కాప్సూలు, దినమునకు ఒకటి. ప్రతిదినము ఒకే పూట భోజనమైన అరగంటకు మింగవలెను. దానిని విప్పి పొడి నీటిలో కలుపుటగాని, నములుటగాని కూడదు. మందు మెల్లమెల్లగా విడుదలగునట్లు చేసియుందురు. ఆల్ఫుజోసిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ళయు భోజనము తరువాతనే. పరగడుపున వేసుకొన్నచో మందు సగమే ఒంటబట్టును. టెరజోసిన్, డాక్సజోసిన్ 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి క్రమముగా పెంచవలెను. టెరజోసిన్ మొదటి మోతాదు పడుకొనబోవునప్పుడు వేసుకొనవలెను. ఏ మందైనను నాలుగైదు దినములు మానివేసి మరల మొదలుపెట్టదలచినచో వైద్యుని అడిగి, తక్కువ మోతాదునుండి ఆరంభింపవలెను.

గుణము కొన్ని దినములలోనే తెలియును. పూర్తిగా తెలియుటకు రెండు నుండి నాలుగు వారములు పట్టును. మందు వాడినంతకాలమే గుణము. మానినచో కండరము మరల బిగియును. ఈ మాట ముందే తెలియక, బాధ తగ్గినదని నెలకే మందు మానివేసి, తిరుగబెట్టగానే మందు మంచిది కాదనువారు పెక్కుమంది.

పొలములో జాగ్రత్త

మనము లేచి నిలబడగానే రక్తము కాళ్ళలోనికి దిగజారును. అప్పుడు నరములు రక్తనాళములను బిగించి తలకు రక్తము అందజేయును. ఆల్ఫా నిరోధకము ఈ బిగింపునుకూడ కొంత సడలించును గనుక, ఉన్నట్టుండి లేచినచో కళ్ళు చీకట్లు క్రమ్మి పడిపోవచ్చును. మొదటి వారములోను, మోతాదు పెంచినప్పుడును ఈ భయము ఎక్కువ. పట్టణములో కుర్చీనుండి లేచువానికంటె, గొంతుకూర్చొని కలుపుతీసి ఎండలో లేచు రైతుకు ఇది ఎక్కువ వర్తించును. చెమటపట్టి ఒంటిలో నీరు తగ్గియున్నచో మరీ ప్రమాదము. కావున మొదటి కొద్దిదినములు తాడిచెట్టు, గడ్డివామి ఎక్కరాదు, నూతి అంచున పని చేయరాదు, ట్రాక్టరు నడుపరాదు. రాత్రి నిద్రనుండి లేచినప్పుడు మంచముపై ఒక నిమిషము కూర్చొని, తరువాత లేవవలెను. చీకటిలో పెరటికి పోవుటకంటె గదిలోనే ఒక డబ్బా ఉంచుకొని కూర్చొని మూత్రము విడచుట మేలు. కళ్ళు తిరిగినచో వెంటనే కూర్చొనుడు, వీలైనచో పడుకొని కాళ్ళు ఎత్తిపెట్టుడు. ముసలితనమున తుంటి విరిగినచో ఒక కుటుంబమునకు ఎంత నష్టమో చెప్పనక్కరలేదు.

మాటిమాటికి మూత్రము వచ్చుచున్నదని పగలు నీరు త్రాగుట మానివేయువారు కలరు. ఎండలో పనిచేయువానికి అది రాళ్ళకు, వడదెబ్బకు దారి. పగలు కావలసినంత త్రాగి, పడుకొనుటకు రెండు మూడు గంటల ముందునుండి తగ్గించుకొనుడు. సాయంకాలపు టీ, కల్లు, సారా తగ్గించినచో సగము మెలకువలు తగ్గుట కొందరి అనుభవము. మలబద్ధకము ఉన్నచో మూత్రమునకు అడ్డగును, దానిని సరిచేసికొనవలెను.

జలుబు చేసినదని అంగడిలో కొని మింగు బిళ్ళలు ఈ వ్యాధిగలవారికి శత్రువులు. వాటిలో ముక్కు దిబ్బడ తగ్గించు ఫినైలెఫ్రిన్ వంటి మందులు ఆల్ఫా చోటులను తట్టి కండరమును బిగించును. వాటితో కలిసియుండు క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయపు కండరమును బలహీనపరచును. అనగా తూమును బిగించి, నెట్టు బలమును తగ్గించుట. జలుబుబిళ్ళ వేసుకొన్న రాత్రి మూత్రము పూర్తిగా బంధించి ఆసుపత్రికి వచ్చువారు కలరు.

రక్తపోటు మందులు వాడువారు ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. ప్రోస్టేట్ మందు రక్తపోటును కొంత తగ్గించినంతమాత్రమున అసలు రక్తపోటు మందు మానరాదు. పురుషత్వమునకై వాడు సిల్డెనాఫిల్ వంటి బిళ్ళలు దీనితో కలిసినచో రక్తపోటు పడిపోవచ్చును, సిగ్గుపడక చెప్పవలెను. టామ్సులోసిన్, ముఖ్యముగా సైలోడోసిన్ వాడువారిలో కొందరికి సంయోగసమయమున వీర్యము తగ్గుట లేక రాకపోవుట జరుగును. దీనివలన ఒంటికి హాని లేదు. మందు మానినచో తిరిగి మామూలగును.

శుక్లముల ఆపరేషను

ఇది ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి. కంటిపాపను విప్పార్చు కండరముమీదకూడ ఈ మందులు పనిచేయును. శుక్లము తీయునప్పుడు కనుపాప ముడుచుకొని, మెత్తబడి, ఆపరేషనుకు చిక్కు తెచ్చును. ఈ విషయము 2005లో తొలిసారి బయటపడినది. మందు కొన్నినాళ్ళ ముందు మానినను ఈ చిక్కు పూర్తిగా తొలగదు. ఎప్పుడో వాడి మానినవారికిని రావచ్చును. ముందుగా తెలిసినచో కంటివైద్యుడు తగిన ఏర్పాట్లు చేసికొని క్షేమముగా ముగించును. శుక్లపు శిబిరములకు వచ్చువారు, ప్రోస్టేట్ మందు వాడువారు చాలవరకు ఒకే వయసువారు గదా! అందుచేత చెప్పవలసిన మొదటి మాట ఇదే. శుక్లపు ఆపరేషను దగ్గరలోనే ఉన్నదని తెలిసినచో ప్రోస్టేట్ మందు అంతవరకు మొదలుపెట్టకుండుట మంచిదేమో వైద్యుని అడుగవలెను.

మందుతో కానిది

ఆల్ఫా నిరోధకము తూమును వదులుచేయునేగాని గట్టును కరిగింపదు. గ్రంథి పెరుగుట ఆగదు. గ్రంథి చాల పెద్దదైనవారికి ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ అను వేరొక జాతి మందులు ఇత్తురు. ఇవి గ్రంథిని మెల్లగా కుదించును. ఆరు నెలలైన ఓపిక పట్టవలెను. ఇవి వాడువారిలో పి.ఎస్.ఏ. అంకె సుమారు సగమునకు పడిపోవును గనుక పరీక్ష చేయించినప్పుడు ఆ మాట చెప్పవలెను, లేనిచో కాన్సరు జాడ మరుగుపడును. 2003లో అమెరికాలో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో డాక్సజోసిన్ ఒక్కటి వాడినవారిలో వ్యాధి ముదురుట నూటికి 39 వంతులు, ఫినాస్టెరైడ్ ఒక్కటి వాడినవారిలో 34 వంతులు, రెండును కలిపి వాడినవారిలో 66 వంతులు తగ్గెను. సా పామెట్టో అను ఒక పొట్టి తాటిజాతి పండ్ల సారమును సీసాలలో అమ్ముదురు. 2006లో ప్రకటించిన పరీక్షలో దానికిని ఉత్తబిళ్ళకును భేదము కనబడలేదు.

మాటిమాటికి నీరుకట్టువారికి, రక్తము పడువారికి, మూత్రాశయములో రాళ్ళు పేరినవారికి, మూత్రపిండములు దెబ్బతినుచున్నవారికి ఆపరేషనే మార్గము. నేడు కడుపు కోయకుండ మూత్రమార్గముననే గ్రంథిని చెక్కివేయుదురు.

ఒక్కసారిగా మూత్రము బంధించి, పొత్తికడుపు ఉబ్బి నొప్పిపెట్టినచో అది రాత్రియైనను ఆసుపత్రికి పోవలసినదే. బార్లీ నీరు, మజ్జిగ, కొబ్బరినీరు త్రాగించుట మన ఇండ్లలో అలవాటు. తూము మూసుకొన్న చెరువులోనికి ఇంకను వరద వదలుట ఎట్టిదో ఇది అట్టిది. గొట్టము వేసి మూత్రము తీసిన క్షణములో రోగికి ప్రాణము లేచివచ్చును. ఆ గొట్టము తీయుటకు ముందు రెండు మూడు దినములు ఆల్ఫా నిరోధకము ఇత్తురు. 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఆల్ఫుజోసిన్ ఇచ్చినవారిలో నూటికి 62 మందికి, ఇవ్వనివారిలో 48 మందికి గొట్టము తీసిన తరువాత తామే మూత్రము విడువగలుగుట చూచిరి. నొప్పి లేకుండ పొత్తికడుపు లావై, నిద్రలో పక్క తడియుచున్నచో అదియును బంధనమే. మూత్రపిండములు చెడుచున్న గుర్తు కావచ్చును.

గ్రామాధికారులు, ఆరోగ్య కార్యకర్తలు కంటిశిబిరమునకు పేర్లు వ్రాయునప్పుడు ప్రతి పురుషుని పేరు పక్కన మూత్రపు మందు వాడుచున్నాడా, ఏ మందు అని ఒక గడి చేర్చుట మంచిది. టామ్సులోసిన్ జన ఔషధి దుకాణములలో తక్కువ ధరకు దొరకును. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ ఒక చీటీపై వ్రాసి పట్టాదారు పాసుపుస్తకములో ఉంచుకొన్నచో, అవసరమైన నాడు ఇంట్లోవారు వెదకుకొననక్కరలేదు.