సూరత్ నేర్పిన పాఠం

తపతీ నది ఒడ్డున వెలసిన సూరత్ పేరు వినగానే జరీ చీరలు, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు, పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు మనకు స్ఫురిస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారి సంఖ్యను ఊహించవచ్చు. ఈ నగరం 1994లో దేశమంతటికీ ఒక పాఠం నేర్పింది. దానిని మన ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు మరొకసారి గుర్తు చేయాలని మా సంకల్పం.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు ప్రబలిందన్న వార్త వెలువడింది. కొద్ది రోజులలోనే లక్షలాది ప్రజలు రైళ్ళలో, బస్సులలో నగరం విడిచి వెళ్ళిపోయారు. టెట్రాసైక్లిన్ గుళికల కోసం మందుల దుకాణాల ముందు జనం బారులు తీరారు. పలువురు ప్రైవేటు వైద్యులు సైతం తమ క్లినిక్కులు మూసివేసి వెళ్ళారు. దేశం మొత్తం మీద ఆ వ్యాధికి బలి అయినవారు 50 మందికి పైగా ఉండగా, వారిలో అత్యధికులు సూరత్‌కు చెందినవారే. వ్యాధి కంటే భయమే వేగంగా వ్యాపించింది.

ప్లేగుకు టీకా లేదా అన్న ప్రశ్న సహజం. 1897 జనవరి 10న బొంబాయిలో వాల్డెమార్ హాఫ్‌కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను ముందుగా తన శరీరానికే ఎక్కించుకున్నారు. అయితే టీకా పనిచేయడానికి వ్యవధి కావాలి. పైగా ఆనాటి రకపు టీకా ఊపిరితిత్తుల ప్లేగు నుండి నమ్మదగిన రక్షణ ఇవ్వదు. లక్షణాలు కనిపించిన మొదటి 24 గంటలలో తగిన యాంటీబయాటిక్ మొదలుపెడితేనే రోగి బ్రతికే అవకాశం మెండు. అనగా రోగిని మొట్టమొదట చూసిన వైద్యుని, నర్సు గుర్తింపు మీదనే ప్రాణం ఆధారపడి ఉంటుంది. కాని 1966 తరువాత దేశంలో ప్లేగు కేసులు నిర్ధారణ కాలేదు. 28 సంవత్సరాల విరామంలో ఒక తరం వైద్యులు ఆ వ్యాధిని కంటితో చూడకుండానే వృత్తిలోకి వచ్చారు. చూడని వ్యాధిని గుర్తించలేకపోవడం వారి దోషం కాదు. చదువు ముగిసిన తరువాత తిరిగి నేర్పే ఏర్పాటు చాలకపోవడమే లోపం.

1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను గదులలో నుండి వీధులలోకి నడిపించారు. పారిశుద్ధ్యంతో పాటు వ్యాధుల సమాచారాన్ని సేకరించే పద్ధతి కూడా పటిష్ఠమయింది. అనతికాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాలలో ఒకటిగా పేరు పొందింది.

టీకాల విషయంలోనూ ఇదే పాఠం వర్తిస్తుంది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం ప్రారంభమైనపుడు ఆరు వ్యాధులకే టీకాలుండేవి: క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు. అనంతరం హెపటైటిస్-బి, రూబెల్లా, రోటావైరస్, న్యూమోకాకస్ వంటి వాటికి కూడా టీకాలు చేరాయి. 2016 ఏప్రిల్ 25న పోలియో చుక్కల మందు సైతం మూడు రకాల వైరస్‌ల నుండి రెండు రకాలకు మారింది. నేడు 14 వారాల పసికందుకు ఒకే రోజున రెండు రకాల చుక్కలు, మూడు సూదిమందులు ఇవ్వవలసి ఉంటుంది. వాటిలో రెండు తొడల కండరాలలోకి, మూడవది పోలియో టీకా, కేవలం 0.1 మిల్లీలీటరు, కుడిచేతి చర్మపు పొరలోకి ఎక్కించాలి. ఇరవై ఏళ్ళ క్రితం శిక్షణ ముగించిన ఏ.ఎన్.ఎం. ఆనాటి పాఠంతోనే ఈ పని చేయగలదా?

టీకాను భద్రపరచడం కూడా ఒక విద్యయే. ఆరోగ్య కేంద్రంలో టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. సీసాపైని వృత్తంలో ఉన్న చిన్న చతురస్రం రంగు, వృత్తపు రంగుతో సమానమైనా, అంతకన్న ముదిరినా ఆ మందు వేడికి చెడినట్లే. హెపటైటిస్-బి వంటివి గడ్డకడితే పనికిరావు. పొడిరూపంలోని బి.సి.జి., తట్టు టీకాలను ద్రవంలో కలిపిన నాలుగు గంటలలోగా వాడి, మిగిలినది పారవేయాలి. ఆ గడువు మీరితే అందులో క్రిములు పెరిగి శిశువు ప్రాణానికే ముప్పు రావచ్చు.

సూదిమందు ఇచ్చిన తరువాత తల్లికి నాలుగు మాటలు చెప్పాలని ఆరోగ్య కార్యకర్తలకు బోధిస్తారు: ఏ టీకా ఇచ్చారు, అది ఏ వ్యాధిని నివారిస్తుంది, జ్వరం, వాపు వంటివి వస్తే ఏమి చేయాలి, తిరిగి ఎప్పుడు రావాలి, కార్డును భద్రపరచి మరల తీసుకురావాలి. సూరత్ వంటి వలస నగరంలో ఈ మాటలు గుజరాతీలోనే చెబితే కొత్తగా వచ్చిన మన నేత కార్మికుని ఇల్లాలికి ఎంతవరకు అర్థమవుతాయి? ఆమె భాషలో నాలుగు ముక్కలు నేర్చుకోవడం కూడా శిక్షణలో భాగమేనని మేము భావిస్తున్నాము.

ఇతరులకు టీకా ఇచ్చేవారికి తమ రక్షణ కూడా ముఖ్యమే. పొరపాటున సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి సోకే ప్రమాదమున్నది. ఆరు నెలల వ్యవధిలో మూడు మోతాదులు తీసుకుంటే ఆ ప్రమాదాన్ని చాలవరకు నివారించవచ్చు. 2021 జనవరి 16న కోవిడ్ టీకా కార్యక్రమం ఆరోగ్య సిబ్బందితోనే ఆరంభమవడంలోని అంతరార్థం ఇదే. వారు మంచాన పడితే రోగిని ఆదుకునేవారెవరు?

బదిలీలపై ఊరూరా తిరిగే మన కుటుంబాలు ఇంటి సామానుతో పాటు పిల్లల టీకా కార్డులను కూడా భద్రంగా తీసుకువెళ్ళాలి. టీకా అనంతరం అరగంట సేపు కేంద్రంలోనే ఆగాలి. సందేహముంటే నర్సమ్మను సంకోచించక అడగాలి. శిక్షణా తరగతుల నిమిత్తం ఏ రోజునైనా డిస్పెన్సరీలో సిబ్బంది తక్కువగా కనిపిస్తే విసుక్కోవద్దని మా మనవి. ఆ రోజు వారు నేర్చుకున్నది రేపు మన బిడ్డ ప్రాణాన్ని కాపాడవచ్చు.