పిడుగు పక్క వీధిలో పడినా మీ డిష్ కాలిపోవచ్చు.. ఎందుకు? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఉరుములు, మెరుపులతో వాన మొదలైంది. టీవీలో 'నో సిగ్నల్' అని వచ్చింది. వాన తగ్గగానే బొమ్మ వచ్చేస్తే కంగారు పడాల్సిన పని లేదు. దట్టమైన వాన సిగ్నల్‌ని మింగేసింది, అంతే. కానీ ఆకాశం తేటపడి గంటలు గడిచినా బొమ్మ రావట్లేదా? అయితే డాబా మీద ఉన్న ఎల్‌ఎన్‌బీని అనుమానించాల్సిందే.

ఎల్‌ఎన్‌బీ అంటే ఏంటి?

డిష్ ముందు కడ్డీ చివర ఉండే చిన్న డబ్బానే ఎల్‌ఎన్‌బీ. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ ఇక్కడికి చేరేసరికి చాలా బలహీనపడిపోతుంది. దాన్ని లక్ష రెట్లకు పైగా పెంచి కిందికి పంపేది ఈ డబ్బానే. ఇందులో మొట్టమొదట ఉండేది లో నాయిస్ యాంప్లిఫయర్. తన సొంత రొదను వీలైనంత తక్కువగా కలుపుతూ సిగ్నల్‌ని పెంచడం దీని పని. అందుకే ఇందులో వాడే ట్రాన్సిస్టర్ చాలా సున్నితంగా ఉంటుంది. కొంచెం ఎక్కువ వోల్టేజీ తగిలినా పోతుంది.

మరి దానికి ముందే గట్టి రక్షణ పెట్టొచ్చు కదా? అక్కడే ఉంది చిక్కు. యాంప్లిఫయర్‌కి ముందు ఏది పెట్టినా అది సిగ్నల్‌లో కొంత తినేస్తుంది. పోయిన సిగ్నల్‌ని తర్వాత ఎంత పెంచినా లాభం లేదు, దాంతో పాటు రొద కూడా పెరుగుతుంది. అందుకే రక్షణ బాధ్యత చాలావరకు బయట మనం చేసే ఫిట్టింగ్ మీదే పడుతుంది.

ఒకే కేబుల్.. రెండు పనులు

సిగ్నల్ కిందికి వచ్చే కేబుల్‌లోనే సెట్‌టాప్ బాక్స్ నుంచి 13 లేదా 18 వోల్టుల కరెంట్ పైకి వెళ్తుంది. పిడుగు నేరుగా పడక్కర్లేదు. దగ్గర్లో పడినా ఆ పొడవాటి కేబుల్‌లో ఒక్కసారిగా వోల్టేజీ పుడుతుంది. అది పైన ఎల్‌ఎన్‌బీని, కింద బాక్స్‌ని రెండింటినీ దెబ్బతీయొచ్చు.

ఏం చేయాలి?

* డిష్ స్తంభానికి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట దాని పై అల్లికకు ఎర్తింగ్ ఇప్పించండి. రెండూ ఇంటి ఎర్తింగ్‌కే కలవాలి. వేరే గొయ్యి తవ్వి విడిగా వదిలేస్తే రెండు ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా వచ్చి ఇంకా ప్రమాదం. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

* ఉరుములు దగ్గరికి రాకముందే బాక్స్ ప్లగ్, డిష్ కేబుల్ రెండూ పీకేయండి. ప్లగ్ ఒక్కటే తీస్తే సరిపోదు. నేరుగా పడే పిడుగును ఏ సర్జ్ ప్రొటెక్టరూ ఆపలేదు. ముందస్తు హెచ్చరికలకు పుణెలోని ఐఐటీఎం తెచ్చిన 'దామిని' యాప్ ఉంది.

* ముందు ప్లగ్ తీసి, ఆ తర్వాతే కేబుల్ విప్పండి. బాక్స్ ఆన్‌లో ఉండగా విప్పితే మధ్య తీగ పక్కకు తగిలి షార్ట్ అవ్వొచ్చు.

* ఎల్‌ఎన్‌బీ దగ్గరి కనెక్టర్‌లోకి నీళ్లు దిగకుండా రబ్బరు తొడుగు ఉందో లేదో చూడండి.

అడాప్టర్‌పైనా కన్నేయండి

కొన్ని చానల్స్ వస్తున్నాయి, కొన్ని రావట్లేదా? 13 వోల్టులు ఇస్తే ఒక రకం తరంగాలను, 18 ఇస్తే మరో రకాన్ని ఎల్‌ఎన్‌బీ పట్టుకుంటుంది. అడాప్టర్ బలహీనపడి 18 వోల్టులు అందకపోతే ఆ చానల్స్ మాత్రమే పోతాయి.

అడాప్టర్‌లో కరెంట్‌ని వడకట్టేవి కెపాసిటర్లు. వేడికి అవి పాడైతే కరెంట్‌తో పాటు రొద కూడా కేబుల్ ఎక్కుతుంది. ఎల్‌ఎన్‌బీలోని రెగ్యులేటర్ కొంతవరకే ఆపగలదు. మిగిలింది బొమ్మ గడులు గడులుగా విరగడానికి కారణం కావచ్చు. కాబట్టి ఎల్‌ఎన్‌బీ మార్చే ముందు ఒకసారి మంచి అడాప్టర్ పెట్టి చూడండి. వోల్టేజీ, ప్లస్-మైనస్ పాతదానిలాగే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువైనా పర్లేదు, తగ్గకూడదు.

చివరగా ఒక్క మాట. మ్యాచ్ మధ్యలో సిగ్నల్ పోయిందని వానలో, మెరుపుల్లో డాబా ఎక్కకండి. ఎల్‌ఎన్‌బీ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ప్రాణం అలా కాదు.