కొల్లేటి గట్టున సైకిలెక్కి

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే తారు రోడ్డు కొల్లేటి సరస్సును అడ్డంగా దాటుతుంది. చేపల లారీలు, ఐసు బండ్లు, ఆటోలు, బస్సులు, అన్నీ దాని మీదే. ఆ రోడ్డు దిగి సరస్సు నడుమ ఉన్న లంక గ్రామాల వైపు పోయే గ్రావెల్ గట్టు ఒకటి పట్టుకుంటే చాలు, కాసేపటికే హారన్లు వినబడవు. ఒక పక్క చేపల చెరువు, ఇంకో పక్క డ్రెయిను, నడుమ ఎర్రటి దారి. చెరువులో పాతిన కర్రలకు మేత సంచులు వేలాడుతుంటాయి. సంచులకు చిల్లులు పొడిచి, తవుడు నింపి నీళ్లలోకి దించుతారు. శీలావతులు, బొచ్చెలు వచ్చి ఆ చిల్లుల్లోంచి మేత లాక్కుని తింటాయి. సైకిలు మీద పోయేవాడికి ఇదంతా చేతికందేంత దగ్గరలో కనబడుతుంది. కారులో పోయేవాడికి ఈ కొల్లేరు తెలియదు.

తారు లేని దారుల్లో సైకిలు తొక్కడం, అంటే గ్రావెల్ సైక్లింగ్, ఇప్పుడు ప్రపంచమంతా పాకుతున్న సరదా. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో ఒక గ్రావెల్ పందెం మొదలైంది. 2022లో ఇటలీలో గ్రావెల్‌కు తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. స్కాట్లండ్ పడమటి తీరాన హెబ్రిడీస్ దీవుల్లో పది దీవులను కలుపుతూ 185 మైళ్ల సైకిలు దారి ఉంది. కొన్ని చోట్ల సముద్రంలో కట్టిన గట్ల మీద, కొన్ని చోట్ల పెద్ద పడవలెక్కి దాటుతారు. అక్కడ రాతి దీవులు, కొండలు, వాన. మన దగ్గర లంకలున్నాయి, గట్లున్నాయి, నిన్నమొన్నటి దాకా బల్లకట్లూ పంట్లూ ఉన్నాయి. కొండ మాత్రం లేదు, మచ్చుకు ఒక్క రాయి కూడా దొరకదు. మనం తొక్కే ఈ ఎర్ర గ్రావెల్ సైతం మెట్ట ప్రాంతం నుంచి టిప్పర్లలో వచ్చిందే. కొల్లేటి సొంత నేల నల్లటి బంకమట్టి.

ఎత్తు ఎక్కే పని లేదు కదా అని, ఇక్కడ తొక్కడం సులువేననుకోవద్దు. ఒక్క వాన పడితే నల్లమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గడ్డకట్టి సైకిలును కదలనివ్వదు, భుజానికెత్తుకోవాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం గట్టు మీద చెట్టు నీడ ఉండదు. అన్నిటికంటే గడుసుది గాలి. నీటి మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వస్తుంది. సాయంత్రం పైరగాలికి ఎదురు తొక్కినవాడికి కొండ లేని లోటు తెలియదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా దారి గట్టిపడి ఉంటుంది, వలస పక్షులూ ఇంకా వెళ్లిపోవు. ఖరీదైన గ్రావెల్ సైకిలుంటే మంచిదే, 40 మిల్లీమీటర్ల టైరు గుంతల్ని బాగా మింగుతుంది. లేకపోతే వెడల్పు టైరున్న మామూలు సైకిలే గాలి కాస్త తగ్గించుకుని తొక్కితే సరిపోతుంది. లంకల జనం తొక్కేది అలాంటిదే. మట్టగిడసలూ కొర్రమీనులూ తట్టలో పెట్టి, క్యారేజీకి కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు ఈ గట్ల మీద గ్రావెల్ సైక్లింగ్ ఎప్పటినుంచో చేస్తున్నారు.

ఈ దారులు ఇంకా మట్టిగానే మిగలడానికి ఒక కారణముంది. 1999లో ప్రభుత్వం కొల్లేరులో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి పదో కాంటూరు దాకా, అంటే 901 చదరపు కిలోమీటర్ల కొల్లేరు చేరింది. అభయారణ్యంలో రోడ్డు వేయాలన్నా, వంతెన కట్టాలన్నా వన్యప్రాణి చట్టం కింద అనుమతులు కావాలి. ఎక్కడి నుంచో వచ్చి సైకిలు తొక్కేవాడికి ఇది వరం. లంకలో పురిటి నొప్పులు పడుతున్న ఆడబిడ్డకు అదే దారి నరకం. ఈ రెండో మాట మరచి మొదటిది రాయడం నాకు ఇష్టం లేదు.

గట్టు సంగతీ చెప్పాలి. 1970ల్లో ప్రభుత్వమే లంకల్లోని సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఆ తరవాత పెట్టుబడిదారులు దిగారు. గట్టు మీద గట్టు లేచి సరస్సు ముక్కలైంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు, ఎన్నో కుటుంబాల జీవనం దానితో పాటే కొట్టుకుపోయింది. తరవాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చి పోసే నీరంతా కొల్లేటిలో పరుచుకుని, పెదఎడ్లగాడి దాటి ఉప్పుటేరు వెంట సముద్రానికి పోవాలి. దారిలో గట్టు అడ్డుపడినా, గుర్రపుడెక్క పేరుకున్నా నీరు వెనక్కి తన్ని లంకల్లోకి ఎక్కుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచాక, ఆ నీళ్లు కొల్లేటికి చేరి లంకల దారులను రోజుల తరబడి ముంచేశాయి. మనం హాయిగా తొక్కుతున్న గట్టే ఒక ఊరికి వరద కావచ్చు. ఈ ఎరుక లేకుండా ఇక్కడ సైకిలెక్కకూడదని నా అభిప్రాయం.

కొన్ని మర్యాదలున్నాయి. చెరువు గట్లలో చాలావాటికి యజమానులో కౌలుదారులో ఉంటారు, కాపలా పాకలుంటాయి, పాకకో కుక్క ఉంటుంది. పాక దగ్గర దిగి, ‘ఏమండీ, ఇలా వెళ్లొచ్చా’ అని అడిగితే కాదనేవాళ్లు అరుదు. ‘ఆయ్, తూము దాకా బాగానే ఉంటదండి, ఆ తరవాతంతా మట్టేనండి’ అని దారి కూడా చెబుతారు. అడక్కుండా పోతే దొంగనుకుంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. చీకటి పడకముందే తారు రోడ్డు చేరుకోవాలి. అభయారణ్యం హద్దుల్లోకి వెళ్లాలంటే అటవీ శాఖవారిని ముందుగా అడగాలి.

ఎవరి చెరువు గట్టూ తొక్కకుండానే దూరం పోవాలనుకుంటే ఏలూరు కాలువ ఉంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే కాలువ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో కలుస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు సేద్యానికే కాదు, పడవలకూ దారులయ్యాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవారు. పక్కనే జాతీయ రహదారి హోరెత్తిపోతున్నా, కాలువ గట్టున చాలాచోట్ల ఇప్పటికీ ఆ పాత దారి నీడలో సాగుతుంది. కొత్త గట్టు వేయక్కరలేని, ఎవరి నీటికీ అడ్డుపడని సైకిలు దారి ఇది. గుంతలు పూడ్చి, తుమ్మ కంపలు కొట్టించి, నాలుగు బోర్డులు పెడితే చాలు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా పిల్లలు కూడా లారీ భయం లేకుండా తొక్కొచ్చు. అలసిపోతే కాలువకు సమాంతరంగా పోయే రైలు దారిలో స్టేషన్లున్నాయి. తాడేపల్లిగూడెం వాళ్లు పెంటపాడు, గణపవరం మీదుగా నిడమర్రు వైపు దిగితే కొల్లేటి తూర్పు అంచు తగులుతుంది. అటు జనసంచారం ఇంకా తక్కువ.

కైకలూరు పక్కన ఆటపాకలో సైకిలు ఆపి తీరాలి. చెట్లు చచ్చిపోవడంతో అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతులు వాటి మీదే గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతున్నాయి. గూడబాతు ఎగిరేటప్పుడు రెక్కల బరువు చెవికి తెలుస్తుంది. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు చెరువుల్లో నీరు తీసినప్పుడు బురదలో గుంపులుగా దిగుతాయి. ఇంజను బండి వస్తే దూరం నుంచే లేచిపోయే పక్షులు నెమ్మదిగా వచ్చే సైకిలును చాలాసేపు సహిస్తాయి.

కొల్లేటికోటకూ వెళ్లాలి. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు లంకలన్నీ అక్కడికే చేరతాయి, అమ్మవారికీ గోకర్ణేశ్వరస్వామికీ కల్యాణం చేస్తారు. గజపతుల కాలంలో ఇక్కడి కోటను పట్టలేక, చుట్టూ ఉన్న నీటిని సముద్రంలోకి దించేయడానికి శత్రువులు తవ్విన కాలువే ఉప్పుటేరని ఇక్కడివాళ్లు కథ చెబుతారు. జాతర రోజుల్లో మాత్రం సైకిలుకు చోటుండదు, ఆ తరవాత వెళ్లండి.

లంకలకు మంచి రోడ్లు కావాలని అక్కడివాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నారు. మన ఆదివారపు ఆనందం కోసం వాళ్లు బురదలో ఉండాలని సైకిలు తొక్కే ఎవరూ కోరకూడదు. కోరాల్సింది వేరే. వేసే ప్రతి రోడ్డుకూ కింద నీరు పోయేందుకు చాలినన్ని ఖానాలతో వంతెనలు కట్టాలి, మట్టి పోసి గట్టు లేపి చేతులు దులుపుకోకూడదు. అంబులెన్సు పోగలిగే దారి ప్రతి లంకకూ ఒకటి ఉండాలి. మిగతా గట్లలో నీటికి అడ్డం లేనివాటిని లారీలకు తెరవకుండా గ్రావెల్‌గానే ఉంచి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేయాలి. ఏది అడ్డమో, ఏది కాదో తేల్చేటప్పుడు ఇంజనీర్ల పటాలతో పాటు దోనెల మీద చేపలు పట్టి బతికే వడ్డి కులంవాళ్లనూ అడగాలి. నీరు ఏ వారను నిలుస్తుందో, ఏ తూము దగ్గర తంతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.